ఇంటికొక్కరు

నవంబర్ 10, ఆదివారం

పవిత్ర ఒప్పుకుంది అని రాస్తే అబద్ధమవుతుంది. అడిగింది తనే. శశికుమార్ వాళ్ళ ఇంటి నుంచి ముహూర్తం ఖాయమైందని ఫోను వచ్చాక, చేయి కడుక్కుంటూ అంది: "అమ్మా, నా పెళ్ళిలో ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా ఉండకూడదు. చెత్త లేని పెళ్ళి చేయగలవా?"

ఈ మాట ఈ రోజుది కాదు. పోయిన ఏడాది మా బాగలూరు తోట పక్క ఖాళీ స్థలంలో ఎవరిదో పెళ్ళి చెత్త పారబోశారు. ఒక ఆవు అన్నంతో పాటు ప్లాస్టిక్ కప్పు నములుతోంది. పవిత్ర చెప్పులు విప్పి అందులోకి దిగి, ఆవు నోట్లో చేయి పెట్టి కప్పు బయటికి లాగింది. హోసూరు ఇంటికి వచ్చేవరకూ మాట్లాడలేదు. నా బిడ్డ అలాంటిది.

ఫిబ్రవరి 16 ఆదివారం ముహూర్తం. మండపం వద్దు, తోటలోనే చేద్దామన్నాను. ఆయన, మా శ్రీనివాసప్ప, పేపరు మీంచి తల ఎత్తకుండానే, "తల్లీ కూతుళ్ళు మీ ఇష్టం. నాకేమీ అడ్డం లేదు," అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంత సులభంగా ఒప్పుకున్న సంగతి మరొకటి గుర్తు రావడం లేదు. కూతురంటే ఎంత ప్రేమో.

చెత్త ఒక్క గోనెసంచి దాటకూడదని గీత గీసుకున్నాను.

నవంబర్ 17, ఆదివారం

కృష్ణగిరిలో బస్సు మారి వేప్పనపల్లి దాటి పుట్టింటికి వెళ్ళి వచ్చాను. మోదుగాకు ఇప్పుడు బాగా వెడల్పుగా ఉంది. విస్తళ్ళు కుట్టడానికి ఇదే అదను.

తమ్ముడు సుబ్బరాయప్ప మామిడి తోటలో ఉన్నాడు. వాకిలి ఒకటే, పొయ్యిలు మూడు: మా పెదనాన్న కొడుకులు ఇద్దరివి, తమ్ముడిది. పిల్లాజెల్లా కలిపితే నలభై మంది దాకా ఉంటారు. అమ్మానాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే ఆ వాకిలే.

తమ్ముడి భార్య మంజులమ్మ నా మాట వినగానే కొంగు దోపుకుని నిలబడింది.

"ఏం వదినా, టౌన్లో ప్లేట్లు అమ్మేది లేదా? మా చేతులు అరిగిపోయేలా కుట్టించుకుంటావా?"

"అమ్ముతారు మంజులా. నీ చేతి కుట్టు అమ్మరు."

"మాటలతోనే కడుపు నింపేస్తావు నువ్వు. సరి, కుట్టిస్తాం. మొదటి పంక్తిలో నాకు ఆకు పడాల, ముందే చెప్తా ఉండా."

"నీ పక్కనే నేను కూర్చుంటా."

"పెండ్లికూతురి తల్లి యాడ కూర్చుంటుంది! చుమ్మా, ఊరికే చెప్పేది కాదు వదినా."

మూడిళ్ళ ఆడవాళ్ళూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు బస్సు దాకా వచ్చి, "డబ్బు మాట ఎత్తొద్దక్కా, బిడ్డ పెండ్లి," అన్నాడు.

నవంబర్ 28

స్టీలు గ్లాసులు బాగలూరు మహిళా సంఘంలో ఉన్నాయట. అడిగాను. ఇస్తారు. కడిగి, తుడిచి, ఎన్ని తీసుకున్నామో అన్నీ తిరిగి ఇవ్వాలి. నాకు చెప్పాలా ఆ మాట!

డిసెంబర్ 8, ఆదివారం

ఇవాళ పిలుపుల సంగతి తేలింది. తేలేసరికి నా తల వేడెక్కింది. అయినా ఆలోచించిన కొద్దీ తండ్రీ కూతుళ్ళ మాటే సబబు అనిపిస్తోంది.

మా వైపు పిలుపు రెండు రకాలు. కుంకుమ పెట్టి, తాంబూలం చేతికిచ్చి, "ఆ పొద్దు మీ ఇంట పొయ్యి ముట్టించొద్దు" అంటే చంటిబిడ్డ మొదలు మంచం దిగలేని ముసలమ్మ దాకా ఇల్లంతా కదలాలి. రక్త సంబంధీకులకు ఆ పిలుపే. రెండోది ఇంటికొక్కరి పిలుపు. ముఖ పరిచయం ఉన్నవాళ్ళకు, పని మీద తెలిసినవాళ్ళకు. పుట్టింటికి ఇంటికొక్కరి పిలుపు పిలిచిన ఆడపడుచు ఉన్నట్టు నేను వినలేదు.

"వృథా యాడ మొదలవుతుందో చెప్పు," అన్నారు ఆయన. "వంటలో కాదు. పిలుపులో. వెయ్యి మందిని పిలిచి చెత్త లేని పెండ్లి చేస్తామంటే ఎవరు నమ్ముతారు?"

పవిత్ర ఫోను చూస్తూ, "అవునమ్మా. ముందు జనం తగ్గాలి. రెండు వైపులా ఇంటికొక్కరు. శశి వాళ్ళ నాన్న కూడా సరేనన్నారు," అంది.

శశి వాళ్ళ నాన్న రాజప్పగారు. కృష్ణగిరిలో టిప్పర్లు నడుపుతారు, ప్లాట్లు వేస్తారు. పలుకుబడి ఉన్న మనిషి. ఆయనే ఒప్పుకున్నారంటే మేమెంత అనుకున్నాను. అయినా అడిగాను, "మా తమ్ముడి వాళ్ళకు కూడానా?"

"నీ తమ్ముడిని వదిలితే మా అన్నలకు ఏం జవాబు చెప్పాల? నియమం పెట్టేది నువ్వే, తప్పేది నువ్వేనా?" అన్నారు మా ఆయన. తరువాత మెత్తగా, "నేను పోయి చెప్తే తప్పుగా అనుకుంటారు. నువ్వు చెప్తే ఆడ మారు మాట ఉండదు," అన్నారు.

అది నిజం. ఆ వాకిట్లో నా మాటకు మారు మాట లేదు.

డిసెంబర్ 15, ఆదివారం

చెప్పి వచ్చాను.

మంజులమ్మ నన్ను చూడగానే మొహం కడుక్కుని, కుంకుమ కోసం నుదురు చూపిస్తూ వచ్చింది. పెదనాన్న కోడళ్ళిద్దరూ కుట్టడం ఆపి లేచారు. వాకిలంతా మోదుగాకే, నీడలో ఆరుతూ. కుంకుమ పెట్టాను. తాంబూలం ఇచ్చాను. చెప్పాను. ఇంటికొక్కరు.

ఎవరో చిన్నపిల్ల, "అంటే మేము పోయేది లేదా?" అని అడిగింది. వాళ్ళమ్మ ఆ పిల్లను లోపలికి తోసింది.

మంజులమ్మే మొదట తేరుకుంది. "మూడు పొయ్యిలు, ముగ్గురు మొగోళ్ళు. సరిపాయె. మేము ఈడ్నే ఉంటాంలే వదినా, ఆకులు కుట్టుకుంటా."

"అందరికీ ఇదే మంజులా. పెళ్ళికొడుకు వాళ్ళకు కూడా ఇంటికొక్కరే. మా ఆయన అన్నలకూ అంతే. ఎవరికీ మినహాయింపు లేదు. నా మాట మీద నమ్మకం లేదా?"

సుబ్బరాయప్ప మంచం మీద కూర్చుని తాంబూలం తట్టలో వక్కలు చూస్తున్నాడు. "అక్క చెప్పిందంటే దాంట్లో ఏదో ఉంటుంది," అన్నాడు పెండ్లాంతో. "మనం చెత్త చేసే జనమని కాదు, ఊరికే అన్లేదు. అందరికీ అంటే అందరికీ." తరువాత నా వైపు తిరిగి, "పందిరికి పాలకొమ్మ నేను తేవాల కదక్కా? దానికేమీ నియమం లేదు కదా?" అని నవ్వాడు.

మేనమామ తెచ్చిన పాలకొమ్మ నాటకుండా మాలో పందిరి లేవదు. పెళ్ళికూతుర్ని చేయి పట్టి పీట మీదికి తెచ్చేదీ మేనమామే. "నువ్వు లేక పెళ్ళెట్లా రా," అన్నాను.

భోంచేసే వచ్చాను. నాటుకోడి చేసింది మంజులమ్మ.

డిసెంబర్ 16

సుబ్బరాయప్ప ఏమీ అనుకోలేదు. అనుకుంటే చెప్పేవాడే.

జనవరి 5, ఆదివారం

బాగలూరులో మునివెంకటప్ప దగ్గర పూలు ఒప్పుకున్నాను. చామంతి, బంతి, కొంచెం కనకాంబరం. దండలకు అరటి నార, ప్లాస్టిక్ దారం కాదు. "స్పాంజి లేకుండా పూలు యాడ నిలబడతాయమ్మా?" అన్నాడు. ఇసుక పోసిన మట్టి కుండల్లో నిలబెడదామన్నాను. ఒప్పుకున్నాడు. వాడిన పూలన్నీ ఆయన ఎరువు గుంతకే పోతాయి.

పవిత్రకు కాబోయే అత్తగారు రాళ్ళు పొదిగిన లెహంగా పంపింది. ఎత్తలేనంత బరువు. పెళ్ళికి పట్టుచీర కదా, ఇదెప్పుడు వేసుకుంటావంటే, "ఎప్పుడైనా," అంది. పాపం ఆమె ముచ్చట పడి కొన్నట్టుంది. ఆయన కూడా కోటు కుట్టించుకున్నారు. ఈ ఏడు చలి ఎక్కువగానే ఉంది.

జనవరి 9

ఏమీ అనుకోలేదు. మంజులమ్మ నాటుకోడి చేసింది కూడా.

జనవరి 12, ఆదివారం

ఆయన స్నానంలో ఉంటే ఆయన ఫోను మోగింది. ఎత్తాను. "సార్, వాటర్ బాటిల్ మీద జంట ఫొటో వెయ్యాలా, పేర్లు మాత్రం చాలా?" అన్నాడు ఎవరో. ఏ జంట అని నేను అడిగేలోపల ఆయన తడి ఒంటితోనే వచ్చి ఫోను తీసుకున్నారు.

రాజప్పగారి బంధువుల అబ్బాయి పెళ్ళట. ప్రింటింగు వాళ్ళకు ఆయన నంబరు పొరపాటున ఇచ్చారట.

అలాంటివి జరుగుతుంటాయి. నమ్మకపోవడానికి కారణం లేదు.

మజ్జిగకు మట్టి ముంతలు చూశాను. బాగున్నాయి కానీ తరువాత పగలగొట్టి పారేయాలి. వద్దు. స్టీలు గ్లాసులే.

జనవరి 26, ఆదివారం

విస్తళ్ళు తేవడానికి చిన్న వ్యాను మాట్లాడుకుని వెళ్ళాను.

కట్టలు కట్టి, పైన రాళ్ళ బరువు పెట్టి ఉంచారు. ఒక్కటీ ముడుచుకోలేదు. కుట్టు ఎక్కడా తప్పలేదు. బాగున్నాయి మంజులా అన్నాను. నీళ్ళు ఇవ్వలేదు. రావడం రావడమే చెంబుతో నీళ్ళిచ్చే మనిషి.

"ఎదురింటి శ్రీరంగప్పకు ఏ పిలుపు వదినా?" అంది.

శ్రీరంగప్ప మామిడికాయల మండీ నడుపుతాడు. మాకు చుట్టం కాదు, ఏమీ కాదు. "అతనికి పిలుపు లేదే," అన్నాను.

"లేదా? మీ ఆయన మొన్న బేస్తవారం కారులో వచ్చినాడు. ఆ ఇంట్లో తట్ట పెట్టినాడు. ఇంత లావు కార్డు ఇచ్చినాడు. పెండ్లి దినం సాయంత్రం కృష్ణగిరి రోడ్డు మండపంలో రిసెప్షన్ అంట. 'ఆ పొద్దు మీ ఇంట పొయ్యి ముట్టించొద్దు తల్లీ' అని శ్రీరంగప్ప పెండ్లాంతో అంటాండాడు. నేను ఈ అరుగు మీదే కూర్చొని నీ ఆకులు కుడ్తా ఉండా. నా చెవులతో విన్నా. మా వాకిలి దిక్కు తల కూడా తిప్పలేదు."

నాకు తెలియదన్నాను.

"తెలీదా? నీ ఇంట్లో ఉప్పు డబ్బా రవ్వంత పక్కకు జరిగితే తెలుస్తుంది నీకు. ఏ రైకకు ఎన్ని గుండీలో చెప్తావు. వెయ్యి మంది విందు తెలీదా?"

"తెలియదు మంజులా. బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు పెట్టొద్దు వదినా. పెండ్లికూతురు." గొంతు తగ్గించింది. కోపంగా అరిచి ఉంటే బాగుండేది. "ఆకు కుట్టిన చేతులకు ఆకు లేదు. ఆకులో తినేది తెలియని వాళ్ళకు మండపం. మేము ఏమి చేసినామని?"

పెదనాన్న కోడళ్ళు గుమ్మంలోనే ఉన్నారు, బయటికి రాలేదు.

సుబ్బరాయప్ప కట్టలు ఒక్కొక్కటే మోసి వ్యానులో పేర్చాడు. తాడు తనే కట్టాడు. వ్యాను కదిలేటప్పుడు, "మెల్లగా పోనీప్పా, అంచులు విరుగుతాయి," అని డ్రైవరుకు చెప్పాడు.

నాకు కాదు. డ్రైవరుకు.

జనవరి 27, సోమవారం

అడిగాను. పొద్దున్నే, ఇద్దరూ ఉండగానే.

ఆయన బుకాయించలేదు. అది నాకు ఇంకా చేదుగా ఉంది.

"రాజప్ప కొడుకు పెండ్లి రెండు వందల మందితో అయిపోతుందనుకుంటివా? కంపెనీల వాళ్ళు వస్తారు, పార్టీల వాళ్ళు వస్తారు. తోటలో చాపల మీద కూర్చోబెట్టమంటావా వాళ్ళను?"

"పిలువు. లక్ష మందిని పిలువు. మా తమ్ముడికి నన్నెందుకు పంపినావు?"

"మన గృహప్రవేశానికి ఎట్ల వచ్చినారు? రెండు ట్రాక్టర్లలో వచ్చినారు. మెట్ల నిండా కూర్చొని వక్కాకు ఉమ్మినారు. రాజప్ప ఆ వీడియో చూసి, 'ఎవరప్పా వీళ్ళు, కూలికి తెచ్చినారా?' అని నవ్వినాడు. ఆ పొద్దు నా తల ఏడ పెట్టుకోవాల్నో తెలీలేదు."

"మా అన్నలు, మా తమ్ముడు అని చెప్పేది కదా."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

"నేను చెప్తే గొడవ అవుతుంది," అన్నారు. "నువ్వు చెప్తే అంత గొడవ ఉండదు. అంతే. ఎవరికి నష్టం?"

నేను పవిత్ర వైపు చూశాను. గోరు కొరుక్కుంటోంది, చిన్నప్పటిలాగే.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"అమ్మా, నిన్ను మోసం చెయ్యాలని కాదు. నీకు చెప్తే నువ్వు మామ వాళ్ళందర్నీ పిలుస్తావు. అప్పుడు నాన్న తోటలో పెళ్ళి కూడా వద్దనేవాడు. పొద్దున ఫంక్షన్ అంతా నువ్వు అనుకున్నట్టే కదా జరిగేది? దాంట్లో ఒక్క ప్లాస్టిక్ కప్పు కూడా లేదు కదా?"

పొద్దున ఫంక్షన్. నేను నవంబరు నుంచి చేస్తున్నదానికి వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు అదన్నమాట.

"ఎప్పటి నుంచని అడిగాను."

"మొదట్నించీ కాదు," అంది. "ఇంటికొక్కరు అనుకున్నాం చూడు, అప్పట్నుంచి."

అంటే ఆ నియమం ఎవరి కోసం పెట్టారో తెలిసే నా ముందు కూర్చుంది. రెండు వైపులా అంది. రాజప్పగారు సరేనన్నారంది. ఫోను చూస్తూ అంది.

జనవరి 28

ఈ రోజు ఏమీ రాయబోవడం లేదు.

జనవరి 31, శుక్రవారం

కుంకుమ భరిణె, తాంబూలాలు మూడు తీసుకుని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. మూడు పొయ్యిలకూ అసలు పిలుపు పిలవాలని. ముందు పిలవాల్సిన పిలుపు.

మంజులమ్మ కుంకుమ పెట్టించుకుంది. కుంకుమ వద్దనే మనిషి కాదు. తాంబూలం కొంగులో కట్టుకోలేదు. తీసుకెళ్ళి గూట్లో పెట్టింది. పెదనాన్న కోడళ్ళు నేను బస్సు దిగానని తెలిసి ముందే తోటకు వెళ్ళిపోయారు.

"ఆ పొద్దు మీ ఇంట పొయ్యి ముట్టించొద్దు," అన్నాను. "పొద్దునా రండి, సాయంత్రమూ రండి. అందరూ. ట్రాక్టర్లలో రండి. నేను వాకిట్లో నిలబడి దించుకుంటా."

సుబ్బరాయప్ప చేతిలోని పార గోడకు ఆనించాడు.

"ఇప్పుడు వస్తే అడిగి తెచ్చుకున్న పిలుపు అవుతుందక్కా. మా బిడ్డలు ఆ మండపంలో ఎవరి ముఖం చూసి తినాల?"

"నా ముఖం చూసి."

"నీ ముఖం చూసే కదక్కా ఆ పొద్దు సరేనంటిమి."

చెప్పినందుకు తనకే బాధ వేసినట్టుంది. మళ్ళీ, "అన్నలు రారు. నేను వస్తా. పాలకొమ్మ తెస్తా, బిడ్డను పీట మీదికి తెస్తా. ఇంటికొక్కరంటివి, ఒక్కన్నే వస్తా," అన్నాడు.

"మంజుల?"

"నాకు పెండ్లి దినం మామిడికి మందు కొట్టేది ఉంది వదినా," అంది మంజులమ్మ లోపలి నుంచి. మందు ఆదివారం కొట్టేదేమీ లేదు. అది నాకూ తెలుసు, తనకూ తెలుసు.

ఫిబ్రవరి 7

పనులు జరుగుతున్నాయి. నీళ్ళకు రాగి బిందెలు వచ్చాయి. ఆయనతో పని మాటలు మాత్రమే.

పెళ్ళి ఆపేద్దామని ఒక పూట అనుకున్నాను. శశికుమార్ మంచి పిల్లవాడు. వాడిదేం తప్పు. పవిత్ర నిన్న నా పక్కన కూర్చుని కూరగాయలకు సంచులు కుట్టింది. మాట్లాడుతుందేమోనని చూశాను. నేను మాట్లాడుతానేమోనని తను చూసినట్టుంది. పాత లుంగీలు అన్నీ సంచులైపోయాయి.

ఫిబ్రవరి 12

మండపం వాళ్ళు సాయంత్రం విందుకు వంటకాలు ఎన్ని రకాలో చెప్పారట. ఆయన భోజనం దగ్గర చదవబోయారు. లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పెళ్ళి అయిపోయింది. సాయంత్రం. వాళ్ళంతా మండపంలో ఉన్నారు. నేను తోటలోనే ఉన్నాను.

పందిరి మీద నేరేడు కొమ్మలు ఎండ పడకుండా ఆపాయి. పూలు ఎక్కడా వాలలేదు. అన్నం, పప్పు, కూరలు అన్నీ లెక్కకు సరిపోయాయి. కొసరు వడ్డించమన్నవాళ్ళకు కొసరు ఉంది, పారేసినది లేదు. గ్లాసులు కడుగుతున్నారు. గోనెసంచి సగం కూడా నిండలేదు. శశికుమార్ స్నేహితులు వీడియోలు తీసుకున్నారు. "ఆంటీ, ఇలాంటి పెళ్ళి మేము ఎక్కడా చూడలేదు," అని ఒక అమ్మాయి నా చేతులు పట్టుకుంది. రాజప్పగారు కూడా, "చాలా బాగుందమ్మా, మినిస్టర్లు కూడా ఇట్లాంటివే మెచ్చుకుంటారు," అన్నారు.

సుబ్బరాయప్ప తెల్లవారకముందే పాలకొమ్మ భుజాన వేసుకుని వచ్చాడు. ఎక్కడెక్కడ బస్సులు మారాడో. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. గుంత తనే తవ్వాడు, నాటాడు, పసుపు నీళ్ళు పోశాడు. ముహూర్తానికి పవిత్ర చేయి పట్టుకుని పీట మీదికి తెచ్చాడు. అది కాళ్ళకు మొక్కి లేవకుండా అక్కడే ఏడ్చింది. "లే తల్లీ, పసుపు చీర, మట్టవుతుంది," అన్నాడు. ఎవరికీ తక్కువ చేయలేదు. మా ఆయనకు కూడా నమస్కారం పెట్టాడు.

మొదటి పంక్తిలో తనకు ఆకు వేయించాను. మంజులమ్మ కుట్టిన ఆకు. నేనే వడ్డించడానికి పాయసం గిన్నె పట్టుకుని వచ్చేసరికి చెట్టు కింద చెప్పులు వేసుకుంటున్నాడు.

"తినిపోరా."

"వద్దక్కా."

"పెళ్ళింట్లో ఎంగిలిపడకుండా పోతావా? నీ బిడ్డలాంటి దాని పెళ్ళి."

"బిడ్డ బాగుండాల. దాని మీద నాకేమీ లేదు. నీ మీద కూడా..." ఆగాడు. "ఈడ తింటే రేపు మా వాకిట్లో అన్నల పక్కన కూర్చోని ముద్ద మింగలేనక్కా. నన్ను తినమని అడగొద్దు."

పాయసం గిన్నె అక్కడే పెట్టి గేటు దాకా వెళ్ళాను. ఆటో ఎక్కాడు. ఆ ఆకును ఇంకెవరికో వేశారు, పంక్తి నిండింది. పారేసినది ఏమీ లేదు.

ఐదు గంటలకు ఆయన కోటు వేసుకుని వచ్చారు. కారు సిద్ధంగా ఉంది. "చీర మార్చుకోలేదేం? టైమవుతోంది."

"ఇంటికొక్కరు చాలు. నువ్వు పో."

ఆయన గడియారం చూసుకోవడం ఆపి నా వైపు తిరిగారు.

"జనం ఏమంటారు? పెండ్లికూతురి తల్లి యాడ అని అడిగితే ఏం చెప్పాల?"

"తలనొప్పి అని చెప్పు. ఏం చెప్పాలో నీకు నేను నేర్పాలా."

పవిత్ర కారులోంచి దిగి లెహంగా రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. "అమ్మా, నువ్వు రాకపోతే నేను స్టేజి ఎక్కను," అంది.

"ఎక్కు," అన్నాను. "నీ మీద కోపంతో చెప్పడం లేదు. మీ మామ పీట మీదికి తెచ్చిపోయినాడు, అది చాలు నీకు. నేను మాత్రం ఆడికి రాలేను."

ఎక్కింది. ఫొటోలు వస్తున్నాయి ఫోనులో. బాగుంది. నాకంటే మా అమ్మ పోలికే ఎక్కువ దానికి.

పెళ్ళి వంట ఇంత పుట్టింటికి పంపడం ఆనవాయితీ, రాలేకపోయినవాళ్ళ కోసం. వంటవాళ్ళను అడిగాను. గిన్నెలు వంచి చూపించారు. మీరు చెప్పిన కొలతకే వండినాం కదమ్మా, గరిటెడు కూడా మిగల్లేదు అన్నారు. మెచ్చుకుంటాననుకున్నారు.

ఫిబ్రవరి 17, సోమవారం

హోసూరు ఇంట్లో తెల్లవారుజామునే లేచి పులిహోర చేశాను. కొలవలేదు. చేతికి వచ్చినంత బియ్యం పోశాను, పెద్ద తపేలా నిండింది. ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు. ఆయన నిద్రలో ఉన్నారు. డ్రైవరును లేపి కారులో పెట్టించి వేప్పనపల్లి దారి పట్టమన్నాను. తపేలా దించాక కారు తిప్పి పంపేశాను.

మంజులమ్మ మూత ఎత్తి చూసింది. "ఇంత ఎవరు తింటారు వదినా?"

"పిలువు."

పిలవడానికి కొంచెం ఆలోచించింది. పిల్లలు ముందు వచ్చారు. తరువాత పెదనాన్న కోడలు, చిన్న ఆమె. పెద్దామె రాలేదు, కానీ గిన్నె పంపింది. నేను వడ్డిస్తూ ఉంటే మంజులమ్మ నా చేతిలోంచి గరిటె తీసుకుంది. "కూర్చో. రాత్రి నుంచి తిన్న ముఖం కాదు అది," అంది. పక్కనే కూర్చుని తనూ తిన్నది. మండపం సంగతి అడగలేదు. శ్రీరంగప్ప పెండ్లాం రాత్రి తెచ్చుకున్న ఫొటో ఉన్న నీళ్ళ బాటిల్ ఊరంతా చూపించిందని మాత్రం చెప్పింది.

సుబ్బరాయప్ప తోటలో ఉన్నాడు. నేను వచ్చానని మంజులమ్మ పిల్లవాడితో కబురు పంపింది. పని ఉంది, వస్తానన్నాడట. మధ్యాహ్నం దాటింది. రాలేదు. రెండోసారి కబురు పంపబోతే నేనే వద్దన్నాను.

తమ్ముడి వాటా తీసి మూత పెట్టి ఉంచాను. నాలుగు గంటలకు కృష్ణగిరి బస్సు. ఆయన ఫోను చేశారు, మూడుసార్లు. ఎత్తలేదు. ఆ బస్సు వెళ్ళిపోతే ఈ రోజుకు మరొకటి లేదు.

"పోతావా వదినా?" అంది మంజులమ్మ, ఆకులు ఏరుతూ.

బస్సు హారను వినబడింది. వేపచెట్టు దగ్గర ఆగింది, ఒకరిద్దరు ఎక్కారు. పోనిచ్చాను. మంజులమ్మ లోపలికి పోయి ఇంకో చాప తెచ్చి వాకిట్లో పరిచింది.